కరెంటు పోగానే బిల్లింగ్ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందా? ఇన్వర్టర్ వెనకవైపు చూడండి

లక్షణం: కరెంటు పోతుంది. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, లైట్లు ఒక్కసారి మినుక్కుమని నిలబడతాయి. కౌంటర్ మీది కంప్యూటర్ మాత్రం ఆరిపోయి మళ్లీ మొదట్నుంచి లేస్తుంది. సగంలో ఉన్న బిల్లు గోవిందా. టైము బాగోలేకపోతే డేటా ఫైలే పాడవుతుంది.

ముందు ప్లగ్గు చూడండి. నవ్వకండి. చాలా షాపుల్లో ఆ బోర్డుకి అసలు ఇన్వర్టర్ లైనే ఉండదు. లేదా సీపీయూకి ఉంటుంది, మానిటర్‌కి ఉండదు. రౌటర్ సంగతి ఎవరికీ గుర్తురాదు. రాత్రి షాపు కట్టేసే ముందు మెయిన్ ఎంసీబీ (బోర్డులో కరెంటు ఆపే స్విచ్) దించి చూస్తే అర నిమిషంలో తేలిపోయే విషయానికి నన్ను పిలిపించి విజిట్ చార్జీ కడతారు.

కౌంటర్ కింద చిన్న యూపీఎస్ (కరెంటు పోగానే కంప్యూటర్‌ని కాసేపు నిలిపే బ్యాటరీ డబ్బా) ఉంటే దాని బ్యాటరీ చూడండి. లోపలుండే 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకి అయిపోతుంది. పచ్చ లైటు వెలుగుతోంది కదా అని నమ్మొద్దు. ఆ యూపీఎస్‌కి లేజర్ ప్రింటర్ తగిలించి ఉంటే ఇప్పుడే పీకేయండి, ఆ బరువు ఇది మోయలేదు.

ఇవన్నీ బాగున్నా రీస్టార్ట్ అవుతోందంటే, నన్ను మూడుసార్లు తిప్పించిన దొంగ ఇదే. ఒక మందుల షాపులో మొదటిసారి ఎస్‌ఎంపీఎస్ (సీపీయూ లోపల కరెంటు అందించే పెట్టె) మార్చాను. రెండోసారి ర్యామ్. మూడోసారి విసుగొచ్చి ఇన్వర్టర్‌ని గోడ నుంచి జరిపితే వెనక చిన్న స్విచ్ కనిపించింది. ఒకవైపు యూపీఎస్, ఇంకోవైపు ఎకో. కొన్నిటి మీద నార్మల్ అని ఉంటుంది, కంపెనీకో పేరు. ఎవరో ఎకోలో పెట్టారు.

యూపీఎస్ మోడ్‌లో ఇన్వర్టర్ 10 మిల్లీసెకన్లు అటూ ఇటూగా బ్యాటరీ మీదికి మారుతుంది. రెండో మోడ్‌లో 30, 40 కూడా పట్టొచ్చు. ఫ్యాన్‌కి ఆ తేడా తెలియదు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఫుల్ లోడ్‌లో 16, 17 మిల్లీసెకన్లకి మించి ఆగుతుందన్న భరోసా లేదు. పని తక్కువున్నప్పుడు ఇంకాసేపు ఓర్చుకుంటుంది. అందుకే ఒకరోజు బతుకుతుంది, ఇంకోరోజు పోతుంది, మనం అనుమానం సాఫ్ట్‌వేర్ మీద పెట్టుకుంటాం. టెస్ట్ చేసేటప్పుడు ఒక్కసారితో సరిపెట్టకండి. నాలుగైదుసార్లు ఎంసీబీ దించండి. ముందు బ్యాకప్ తీసుకుని, బిల్లింగ్ మూసేసి, వేరే ఏదైనా బరువైన పని నడుస్తుండగా చేయండి.

ఆ స్విచ్ ఎవరు మార్చారంటారా? మే నెలలో లో వోల్టేజ్‌కి ఇన్వర్టర్ మాటిమాటికీ టక్‌టక్‌మంటుంటే ఎలక్ట్రీషియనే మార్చి ఉంటాడు. అతని తప్పేం లేదు. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజ్ 180 కిందికి పడితే చాలు బ్యాటరీ మీదికి పోతుంది, రెండో మోడ్ 100 దాకా లైను కరెంటు మీదే లాక్కొస్తుంది. వోల్టేజ్ బాగుండే వీధిలో స్విచ్ తిప్పేస్తే పని అయిపోయినట్టే. లో వోల్టేజ్ ఉన్నచోట దాన్ని ముట్టుకోకుండా, కంప్యూటర్‌కీ రౌటర్‌కీ విడిగా 600 వీఏ యూపీఎస్ పెట్టండి. ఇన్వర్టర్ సైన్‌వేవ్ (లైను కరెంటులా నున్నటి అలగా ఇచ్చేది) అయితేనే సుమా. స్క్వేర్‌వేవ్ (మెట్లు మెట్లుగా ఇచ్చేది) అయితే కొన్ని యూపీఎస్‌లు ఆ కరెంటుని కరెంటుగానే లెక్కచేయక బీప్‌బీప్‌మంటూ సొంత బ్యాటరీ తాగేస్తాయి.

ఎర్తింగ్, ఎస్‌ఎంపీఎస్, వైరస్... ఉంటాయి, అరుదు. వాటి జోలికి చివర్లో వెళ్లండి.

కౌంటర్‌ని ఆపేసే వాటిలో కరెంటుతో సంబంధం లేనివీ ఉన్నాయి. 2025 ఏప్రిల్ 12న దేశమంతటా యూపీఐ మొరాయించింది, శనివారం బేరాల మధ్య. ఆ రోజు గల్లాలో చిల్లర ఉన్నవాడిదే వ్యాపారం. బిల్లింగ్ ఆగితే రాయడానికి నంబర్లు వేసిన బిల్లు పుస్తకం ఒకటి కౌంటర్‌లో ఉంచండి. జీఎస్టీలో ఒకటికి మించి సీరీస్‌లు వాడుకోవచ్చు, బిల్లు నంబరు మాత్రం అంకెలూ అక్షరాలూ కలిపి 16 దాటకూడదు. చేతిబిల్లులకి వేరే అక్షరంతో మొదలయ్యే సీరీస్ పెట్టుకుంటే, సిస్టమ్ లేచాక అవే నంబర్లతో ఎక్కించేయొచ్చు.