ఎకోలో ‘గుండెలో నీటి తిత్తి’ అని వస్తే

విశాఖ మహారాణిపేటలో ఎకో (గుండె స్కానింగ్) మెషీన్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. రోగం పేరు పెట్టడం డాక్టరుగారి పని. అయినా కాగితం చేతికి రాగానే శ్రీకాకుళం నుంచో పార్వతీపురం నుంచో వచ్చినవాళ్లు ‘బాబూ, ఇది క్యాన్సరేనా?’ అని తలుపు దగ్గరే ఆగిపోతారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ టెన్షన్ తగ్గించుకోండి. గుండెలోనే పుట్టే గడ్డలు చాలా అరుదు, వాటిలోనూ ఎక్కువ భాగం క్యాన్సర్ కానివే. పెద్దవాళ్లలో తరచూ కనిపించేది మిక్సోమా, పిల్లల్లో రాబ్డోమయోమా. ఎకోలో నీటి తిత్తిలా కనిపించే లింఫాంజియోమా వీటికంటే ఎంతో అరుదు. లింఫు అనే ద్రవాన్ని మోసే సన్నటి నాళాలు ఉబ్బి తిత్తులైతే వచ్చే గడ్డ ఇది. గుండె చుట్టూ ఉండే పొరలోనైనా, కండరంలోనైనా రావచ్చు. వేరే అవయవాలకు పాకదు. పాకదు కదా అని వదిలేయకూడదు మరి. గుండెలో కరెంటు నడిచే దారిని ఆనుకుని ఉంటే లయ తప్పుతుంది. గుండె చుట్టూ నీరు చేరితే అది గుండెనే నొక్కేస్తుంది. ఆయాసం పెరిగినా, కళ్లు తిరిగి పడిపోయినా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

స్క్రీన్ మీద ఇది నల్లటి గదులుగా, మధ్యలో సన్నటి తెల్ల గోడలతో కనిపిస్తుంది. నలుపంటే ద్రవం. ఒక్కోసారి ఆ ద్రవం పాలలా తెల్లగా కూడా ఉంటుంది గానీ ఎకోలో ఆ రంగు తెలియదు. చిక్కేమిటంటే కుక్కల నుంచి వచ్చే ఒక పురుగు వల్ల ఏర్పడే హైడాటిడ్ తిత్తి కూడా కొన్నిసార్లు ఇలాగే గదులు గదులుగా ఉంటుంది. అందుకే ఇంట్లో కుక్కలు, గొర్రెలు ఉంటే డాక్టరుకి తప్పకుండా చెప్పండి. ‘సూది పెట్టి నీళ్లు లాగేయొచ్చు కదా’ అని చాలామంది అడుగుతారు. హైడాటిడ్ అయి ఉండి తిత్తి చిట్లితే ప్రాణం మీదికొచ్చే అలర్జీ రావచ్చు. ఆ తొందర వద్దు.

ఇక అసలు పని. రిపోర్టు కాగితంతో పాటు వీడియోలున్న సీడీ అడిగి తీసుకోండి. ‘డైకామ్ ఫైళ్లు కావాలి’ అంటే కౌంటర్లో వాళ్లకి అర్థమవుతుంది. గడ్డ గుండెతో పాటు కదులుతోందా, కవాటానికి అడ్డుపడుతోందా అన్నది వీడియోలోనే తెలుస్తుంది. కాగితాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపితే ఎంత పెద్ద డాక్టరైనా ఏం చెప్పగలరు?

తర్వాత సాధారణంగా గుండె ఎంఆర్ఐ రాస్తారు. అందులో టీ2 అనే రకం బొమ్మల్లో ద్రవం తెల్లగా మెరుస్తుంది కాబట్టి కండరం ఎక్కడ, తిత్తి ఎక్కడ అన్నది తేలుతుంది. ఒంట్లో పేస్‌మేకర్ గానీ లోహం గానీ ఉంటే ముందే చెప్పాలి. కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఎక్కించే మందు) ఇస్తామంటే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు దగ్గర పెట్టుకోండి. ఊపిరి బిగపట్టమంటారు, ఇంట్లోనే కాస్త అలవాటు చేసుకుని వెళ్తే మంచిది.

ఆపరేషన్ అన్నప్పుడు అడగాల్సింది, మొత్తం తీయగలరా, కొంత మిగులుతుందా అని. మిగిలితే మళ్లీ పెరగొచ్చు. ఖర్చు సంగతి అడ్మిషన్‌కి ముందే వైద్యసేవ కౌంటర్లో కార్డు చూపించి కనుక్కోండి. గడ్డకు పేరు ఖాయమయ్యేది మైక్రోస్కోపు కింద చూశాకే. అవసరమైతే లింఫు నాళాలను గుర్తుపట్టే డీ2-40 పరీక్ష చేస్తారు. ఆ బయాప్సీ రిపోర్టు లామినేషన్ చేయించకండి, జిరాక్సులు తీయించి పెట్టుకోండి.

ఆపరేషన్ తర్వాత కూడా డాక్టరు చెప్పినప్పుడల్లా ఎకోకి రావాలి. వీలైతే ప్రతిసారీ ఒకేచోట చేయించుకోండి. చోటు మారితే పాత సీడీ ఇచ్చి, ‘అప్పుడు కొలిచిన కోణంలోనే కొలవండి’ అని అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు.