కేబుల్ మార్చే ముందు సర్వర్ వింటోందో లేదో చూడండి

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో కాటా దగ్గరున్న కంప్యూటర్ ఆఫీసులోని బిల్లింగ్ సర్వర్‌కి కనెక్ట్ కావడం మానేసింది. నేను ఒంగోలు నుంచి వెళ్లేసరికి లోడు లారీ కాటా మీదే ఉంది, అక్కడి కుర్రాళ్లు అప్పటికే రెండు కేబుళ్లు మార్చేశారు. స్క్రీన్ మీద టైమ్ అవుట్ అని వస్తుంటే ఎవరికైనా కేబుల్ మీదే అనుమానం వస్తుంది. కానీ ముందు చూడాల్సింది సర్వర్‌నే, అది వింటోందా, అంటే బయటి నుంచి వచ్చే కనెక్షన్ల కోసం ఎదురుచూస్తోందా అని.

సర్వర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌స్టాట్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ పక్కనే ఏ, ఎన్, ఓ అక్షరాలు కలిపి ఇవ్వండి. లినక్స్ అయితే సుడో (అడ్మిన్ హక్కులతో నడపమనే మాట) పెట్టి ఎస్ఎస్, హైఫన్ పక్కన టి, ఎల్, ఎన్, పి. లిజనింగ్ (లినక్స్‌లో లిజన్) అని ఉన్న వరుసల్లో మీ పోర్టు, అంటే ఆ ప్రోగ్రాము కనెక్షన్లు తీసుకునే నంబరు, వెతకండి, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కి మామూలుగా 3306. పోర్టు ఉంది గదా అని అక్కడే ఆగొద్దు, దాని ముందున్న అడ్రసు కూడా చదవండి. 0.0.0.0 అంటే ఆ మెషీన్‌కున్న ఐపీవీ4 అడ్రసులన్నిటి మీదా వింటోంది. 127.0.0.1 అంటే ఆ మెషీన్‌లోని ప్రోగ్రాములకు తప్ప బయటి వాళ్లకి పలకదు. అక్కడ జరిగింది ఇదే, ముందురోజు సాఫ్ట్‌వేర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు కాన్ఫిగ్ ఫైల్లో బైండ్ అడ్రస్, అంటే సర్వర్ వినే అడ్రస్, 127.0.0.1 అయిపోయింది. సర్వర్ మీద కూర్చుని బిల్లు కొడితే మాత్రం చక్కగా వస్తోంది, అందుకే ఎవరూ దాన్ని అనుమానించలేదు. బైండ్ అడ్రస్ 0.0.0.0 చేసి, సర్వీసు రీస్టార్ట్ చేసి, ఫైర్‌వాల్‌లో (ఏ కనెక్షన్‌ని రానివ్వాలో చూసే కాపలా) ఆ పోర్టుకి కాటా కంప్యూటర్ ఐపీని ఒక్కదాన్నే అనుమతించాను. పోర్టుని అందరికీ తెరిచి వదిలేయడం నాకు అస్సలు ఇష్టం ఉండదు.

సర్వర్ బాగానే వింటుంటే క్లయింట్‌లో, అంటే కనెక్ట్ కావాల్సిన కంప్యూటర్‌లో, అదే నెట్‌స్టాట్ కమాండ్ కొట్టి, చివర స్పేస్ ఇచ్చి 5 పెట్టండి, ఐదు సెకన్లకోసారి కొత్త జాబితా వస్తుంది. ఎస్టాబ్లిష్డ్ అని ఉంటే నెట్‌వర్క్ పని అయిపోయినట్టే, ఇక పాస్‌వర్డో, డేటాబేసో చూసుకోండి. సిన్ సెంట్ (కనెక్షన్ అడిగే మొదటి ప్యాకెట్ అయిన సిన్ పంపాను అని) దగ్గరే ఉంటే పిలుపు వెళ్లింది, జవాబు రాలేదు. ప్రోగ్రాము స్క్రీన్ మీద రిఫ్యూజ్డ్ అని వస్తే చాలాసార్లు మెషీన్ దాకా చేరినట్టే, ఆ పోర్టు దగ్గర వినేవాళ్లు లేరు. ఇక్కడే చాలామంది పొరబడతారు: విండోస్ ఫైర్‌వాల్ ఆన్‌లో ఉంటే వినేవాళ్లు లేని పోర్టుకి కూడా జవాబే ఇవ్వదు, కాబట్టి టైమ్ అవుట్‌ని చూసి కేబుల్ తప్పని తేల్చేయకండి.

అప్పటికీ తేలకపోతే సర్వర్‌లో వచ్చీపోయే ప్యాకెట్లను చూపించే వైర్‌షార్క్ పెట్టి ఆ పోర్టుకి ఫిల్టర్ ఇచ్చి, క్లయింట్ నుంచి మళ్లీ ప్రయత్నించమనండి. సిన్ ప్యాకెట్ కనిపించకపోతే దారిలోనే తేడా ఉంది, అప్పుడు కేబుల్, స్విచ్ చూడండి. సిన్ వచ్చి దానికి సిన్ యాక్ అనే జవాబు తిరిగి వెళ్లకపోతే సర్వర్‌దో, దాని ఫైర్‌వాల్‌దో తప్పు. ఎన్‌క్రిప్షన్ లేకపోతే ఈ క్యాప్చర్‌లో పాస్‌వర్డులు కూడా పడొచ్చు, అందుకని ఓనర్‌ని అడిగాకే మొదలుపెట్టి, పని కాగానే ఆ ఫైలు డిలీట్ చేసేయండి.