పాత సన్ వర్క్‌స్టేషన్ హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లు బయటికి తీయడం ఎలా?

90లలో కాలేజీ ల్యాబుల్లో, డిజైన్ ఆఫీసుల్లో వాడిన సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీ వర్క్‌స్టేషన్లు హైదరాబాద్ స్క్రాప్‌లో ఇప్పటికీ అప్పుడప్పుడూ తగులుతుంటాయి. మెషీన్ చచ్చినా డిస్క్ బతికే ఉండొచ్చు. తీరా పీసీకి తగిలిస్తే ఖాళీ డిస్క్‌లా కనిపిస్తుంది. నిజానికి డేటా అంతా అక్కడే ఉంటుంది. దాని పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) మన పీసీలకు అలవాటైన పద్ధతిలో ఉండదు, అంతే. ఆ టేబుల్‌ను చేత్తో చదవడం వస్తే మిగతా పని పెద్ద కష్టం కాదు.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఈ డిస్క్‌ను విండోస్ మెషీన్‌కి తగిలించకండి. "ఇనిషియలైజ్ చేయాలా?" అని అడుగుతుంది, కంగారులో ఓకే కొడితే మొదటి సెక్టార్ (512 బైట్ల ముక్క) మీద కొత్తది రాసేస్తుంది. సన్ లేబుల్, అంటే ఆ పార్టిషన్ టేబుల్, ఉండేది సరిగ్గా ఆ సెక్టార్‌లోనే.

1. ఏ కాలం డిస్క్ అన్నది తేల్చుకోండి

1979 నాటి యూనిక్స్ 7వ ఎడిషన్‌లో డిస్క్ మీద పార్టిషన్ టేబుల్ అనేదే లేదు. అది డ్రైవర్ సోర్స్‌లోనే ఉండేది: ఎనిమిది భాగాలు, ఒక్కోదాంట్లో ఎన్ని బ్లాకులు, ఏ సిలిండర్ (డిస్క్ పళ్లేలన్నిటి మీద ఒకే దూరంలో ఉండే ట్రాకుల గుంపు) నుంచి మొదలు. కెర్నల్ డివైస్‌ను గుర్తుపట్టే మైనర్ నంబర్‌లో కింది మూడు బిట్లు భాగాన్ని, పై బిట్లు డ్రైవ్‌ని చెప్పేవి. మైనర్ 19 అంటే 2వ డ్రైవ్‌లో 3వ భాగం. మూడు బిట్లు కాబట్టే ఎనిమిది భాగాలు. సైజు మార్చాలంటే డ్రైవర్‌ను దిద్ది కెర్నల్‌ని మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే. ఇప్పుడు వింటే విడ్డూరంగా ఉంటుంది కానీ డ్రైవ్ మోడళ్లు నాలుగైదే ఉన్న రోజుల్లో అది సరిపోయింది. యూనిక్స్‌లో ఒక రకమైన బీఎస్‌డీలోకి డిస్క్ మీదే రాసే లేబుల్ వచ్చింది 1988లో, 4.3 టాహోతో.

సన్ డిస్క్‌లో లేబుల్ డిస్క్ మీదే ఉంటుంది కాబట్టి మన పని సులువు. భాగాలు మాత్రం అవే ఎనిమిది. సన్ పాత ఆపరేటింగ్ సిస్టమ్ సన్‌ఓఎస్ 4లో ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, దాని తర్వాత వచ్చిన సొలారిస్‌లో 0 నుంచి 7 దాకా స్లైసులు. ఏ అంటే రూట్ (సిస్టమ్ ఉండే భాగం), బీ అంటే స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే చోటు), సీ అంటే మొత్తం డిస్క్. సీ మిగతావాటి మీద పడి ఉంటుంది, దాన్ని చూసి టేబుల్ పాడైందనుకోకండి.

2. కార్డు, కేబుల్ సంపాదించండి

ఈ డిస్క్‌లు ఎక్కువగా స్కజీ (పాత కాలపు డిస్క్ కనెక్షన్) రకం. కనెక్టర్ పిన్నులు లెక్కపెట్టండి: 50, 68, లేదా 80. మామూలు యూఎస్‌బీ కన్వర్టర్ దీనికి పనికిరాదు. పీసీఐ స్లాట్ ఉన్న పాత డెస్క్‌టాప్, అడాప్టెక్ 2940 లాంటి కార్డు కావాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తే కొత్త ల్యాప్‌టాప్ షాపుల్లో అడిగి లాభం లేదు. రిపేర్లు, పాత సామాను చూసే చిన్న షాపుల్లో "అన్నా, పాత పీసీఐ స్కజీ కార్డు ఉందా?" అని అడగండి. కేబుల్, కన్వర్టర్ కోసం కోఠి గుజరాతీ గల్లీ కూడా ఒకసారి తిరిగి చూడొచ్చు.

కేబుల్ రెండు చివర్లా టర్మినేషన్ (సిగ్నల్ వెనక్కి తిరిగి రాకుండా ఆపేది) ఉండాలి. కేబుల్ మీద ప్రతి పరికరానికీ ఒక ఐడీ నంబర్ ఉంటుంది: కార్డు ఐడీ మామూలుగా 7, సన్ బూట్ డిస్క్ ఐడీ మామూలుగా 3. సన్‌ఓఎస్ 4లో టార్గెట్ 3ని (అంటే ఐడీ 3ని) ఎస్‌డీ0 అని, టార్గెట్ 0ని ఎస్‌డీ3 అని పిలిచేవాళ్లు. పాత నోట్సులో "ఎస్‌డీ0" అని ఉంటే దాన్ని ఐడీ 0 అనుకుని వెతక్కండి. డిస్క్ హెచ్‌వీడీ (ఎక్కువ వోల్టేజీ స్కజీ) రకమైతే మామూలు కార్డుకు తగిలించొద్దు, ఏదో ఒకటి కాలిపోవచ్చు.

3. ముందు ఇమేజ్ తీయండి

లైనక్స్‌లో డిస్క్‌ను రీడ్ ఓన్లీగా పెట్టి చెడ్డ డిస్క్‌ల నుంచి కూడా కాపీ చేయగల డీడీరెస్క్యూతో మొత్తం ఇమేజ్ (డిస్క్‌కు నకలుగా ఉండే ఒకే ఫైల్) తీయండి. ఉబుంటులో ఆ ప్యాకేజీ పేరు ముందు ఎందుకో ఒక జీ ఉంటుంది. మొదటి విడతలో చెడ్డ చోట్లు వదిలేసి పోనివ్వండి, తర్వాత వాటి మీదే మళ్లీ ప్రయత్నించమనండి. ఎక్కడిదాకా చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పేరు ఇవ్వడం మరవొద్దు. మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటు నుంచి మొదలవుతుంది. ఇకపై పనంతా ఇమేజ్ మీదే.

4. లేబుల్ చదవండి

పార్టిషన్లు చూపించే ఎఫ్‌డిస్క్ కమాండ్‌తో ఇమేజ్‌ని చూస్తే సన్ లేబుల్‌ను గుర్తుపట్టి జాబితా ఇస్తుంది. అయినా చేత్తో ఒకసారి సరిచూసుకోవడమే నాకిష్టం. ఫైల్‌లోని బైట్లను చూపించే ఓడీ కమాండ్‌ను బిగ్ ఎండియన్‌లో (పెద్ద విలువ బైట్ ముందు), దశాంశ సంఖ్యల్లో చూపించమనండి. 508వ బైట్ దగ్గర 55998 కనిపిస్తే అది సన్ లేబులే. 436 దగ్గర హెడ్ల సంఖ్య, 438 దగ్గర ట్రాక్‌కు సెక్టార్లు ఉంటాయి. ఇవి రెండేసి బైట్లు. 444 నుంచి ఎనిమిది స్లైసులు వరసగా, ఒక్కోదానికి 8 బైట్లు: మొదటి నాలుగింట్లో మొదలయ్యే సిలిండర్, తర్వాతి నాలుగింట్లో మొత్తం సెక్టార్లు.

సన్ 1.05 జీబీ డిస్క్‌నే తీసుకుందాం. 2036 సిలిండర్లు, 14 హెడ్లు, ట్రాక్‌కు 72 సెక్టార్లు. సిలిండర్‌కు 14 × 72 = 1008 సెక్టార్లు. స్లైస్ 6 వివరాలు 444 + 48, అంటే 492 దగ్గర ఉంటాయి. అక్కడ 203, 1847664 అని ఉందనుకోండి. 203 × 1008 = 204624వ సెక్టార్ నుంచి మొదలు. సెక్టార్‌కు 512 బైట్లు కాబట్టి 512తో గుణిస్తే 104767488వ బైట్. 1847664ని 1008తో భాగిస్తే సరిగ్గా 1833 సిలిండర్లు, 203తో కలిపితే 2036. అంటే ఈ స్లైస్ డిస్క్ చివరిదాకా ఉంది, లెక్క సరిపోయింది.

5. ఫైల్ సిస్టమ్ ఉందో లేదో చూడండి

సన్ డిస్క్‌ల ఫైల్ సిస్టమ్ యూఎఫ్‌ఎస్. దాని వివరాలుండే సూపర్‌బ్లాక్ స్లైస్ మొదలైన 8192 బైట్ల తర్వాత ఉంటుంది, దాంట్లో 1372వ బైట్ దగ్గర మ్యాజిక్ నంబర్ (గుర్తింపు సంఖ్య). రెండూ కలిపితే 9564. మన స్లైస్ మొదలుకు దాన్ని కలిపి, 104777052 దగ్గర ఈసారి హెక్స్‌లో చూడండి. 00011954 కనిపించాలి. అది ఆ ఫైల్ సిస్టమ్ రాసిన కిర్క్ మెక్‌క్యూసిక్ పుట్టినరోజు, 1954 జనవరి 19. స్వాప్ స్లైస్‌లో ఇది దొరకదు, వెతకొద్దు.

6. మౌంట్ చేయండి

స్లైస్ మొదలయ్యే బైట్ నంబర్ 104767488ని ఆఫ్‌సెట్‌గా ఇచ్చి లూప్ డివైస్ (ఫైల్‌ను డిస్క్‌లా చూపించేది) తయారుచేసి, రీడ్ ఓన్లీగా, యూఎఫ్‌ఎస్ టైప్ "సన్" అని చెప్పి మౌంట్ చేయండి. టైప్ చెప్పకపోతే కెర్నల్ "ఓల్డ్" అనుకుని, తప్పు టైప్ ఇస్తే ఫైల్ సిస్టమ్ పాడవ్వొచ్చని హెచ్చరిస్తుంది. ఇంటెల్ మెషీన్‌లో వాడిన సొలారిస్ డిస్క్ అయితే టైప్ వేరే, "సన్‌ఎక్స్86". ఆ డిస్క్‌లతో ఇంకో చిక్కుంది. పాత సొలారిస్ పార్టిషన్ కోడ్, లైనక్స్ స్వాప్ కోడ్ రెండూ 82 (హెక్స్)! లైనక్స్ ఇన్‌స్టాలర్‌కి అది స్వాప్‌లా కనిపిస్తుంది. అందుకే అసలు డిస్క్ తగిలించి ఉండగా ఏ ఇన్‌స్టాలర్‌నూ నడపకండి.

7. లేబులే పోయి ఉంటే

ఇది కొత్తేం కాదు. డేటాబేస్ కోసం 0వ సిలిండర్ నుంచి మొదలయ్యే స్లైస్‌ను ఫైల్ సిస్టమ్ లేకుండా నేరుగా ఇచ్చేస్తే, అది లేబుల్ మీదే రాసేసేది. యూఎఫ్‌ఎస్ మొదటి 8192 బైట్లు ముట్టుకోదు కాబట్టి దానితో ఆ ఇబ్బంది రాలేదు.

లేబుల్ నకళ్లు చివరి ఆల్టర్నేట్ (విడిగా పక్కన పెట్టిన) సిలిండర్‌లో, చివరి ట్రాక్‌లో 1, 3, 5, 7, 9 సెక్టార్లలో ఉంటాయి. ముందు అక్కడ చూడండి. అవీ లేకపోతే ఇమేజ్ మొత్తంలో 00011954 కోసం వెతకండి. చాలా చోట్ల దొరుకుతుంది, ఎందుకంటే సూపర్‌బ్లాక్‌కూ నకళ్లుంటాయి. దొరికిన ప్రతి చోటు నుంచి 9564 తీసేసి, సిలిండర్ సైజుతో భాగించండి. మన డిస్క్‌లో అది 1008 × 512 = 516096 బైట్లు. శేషం సున్నా వస్తే అదే స్లైస్ మొదలయ్యే చోటు అయ్యే అవకాశం ఎక్కువ, అక్కడి నుంచి మౌంట్ చేసి చూడండి. నకళ్లకు సాధారణంగా శేషం మిగులుతుంది. డిస్క్ జామెట్రీ (హెడ్లు, ట్రాక్‌కు సెక్టార్ల లెక్క) తెలియకపోతే, డిస్క్ మీద అంటించిన స్టిక్కర్‌లోని మోడల్ నంబర్‌తో వెతికి పట్టుకోండి.