స్కానింగులో పొత్తికడుపులో నీరు కనిపిస్తే ఏం చేయాలి?

‘పీఓడీ (పౌచ్ ఆఫ్ డగ్లస్)లో కొద్దిగా ఫ్రీ ఫ్లూయిడ్’, అంటే కొంచెం నీరు చేరిందని రిపోర్టులో చూసి హడలిపోయే స్త్రీలు ముందుగా ఆ చోటేమిటో తెలుసుకోవాలి. గర్భసంచికి వెనుక ఉండే ఆ గుంట కడుపులోకెల్లా పల్లం కాబట్టి, ఏ కాస్త ద్రవం ఊరినా అక్కడికే దిగుతుంది. అది జబ్బు కాదు, ఒక్కోసారి జబ్బుకు గుర్తు మాత్రమే.

చివరి నెలసరి మొదలైన తేదీని రిపోర్టు కవరు మీద రాసుకొని డాక్టరు దగ్గరకు వెళ్లండి. అండం విడుదలయ్యే రోజుల్లో కొద్దిపాటి ద్రవం చేరడం సహజం. నొప్పి, జ్వరం వంటివి లేకపోతే సాధారణంగా మందులు అక్కర్లేదు.

నెలసరి తప్పినా, ఆలస్యమైనా, అన్నిటికన్నా ముందు గర్భపరీక్ష చేయించుకోవాలి. ఈ మెట్టును ఎవరూ దాటవేయవద్దని నా గట్టి మనవి. గర్భం ట్యూబులో నిలిచి, ఆ ట్యూబు పగిలితే, స్కానింగులో కనిపించే ‘నీరు’ నిజానికి రక్తం. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, భుజం కొనలో నొప్పి ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేసి, విజయనగరం ఘోషాసుపత్రికో, శ్రీకాకుళం సర్వజనాసుపత్రికో చేరాలి. తొలిదశలోనే తెలిస్తే కొందరికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో సరిపోతుంది. పగిలితే ఆపరేషన్ తప్పదు.

జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు. దీనికి యాంటీబయాటిక్స్ సాధారణంగా 14 రోజులు వాడాలి, భర్తకు కూడా చికిత్స అవసరమవుతుంది. మందుల షాపులో అడిగి నాలుగు మాత్రలు మింగి, నొప్పి తగ్గగానే మానేస్తే లోపల చీము పట్టి, ట్యూబులు మూసుకుపోయే ప్రమాదం ఉంది. చీము గడ్డకట్టి మందులకు లొంగకపోతే స్కానింగులో చూస్తూ సూదితోనో, ల్యాపరోస్కోపీతోనో (చిన్న రంధ్రాల ద్వారా కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్) తీస్తారు.

అండాశయంలోని నీటితిత్తి (సిస్ట్) పగిలితే, రక్తస్రావం ఆగినట్లయితే, నొప్పి మాత్రలు, విశ్రాంతి, కొన్ని వారాలకు మళ్లీ స్కానింగు చాలు.

నెలసరి ఆగిపోయిన వయసులో నీరు కనిపించినా, కడుపంతా ఉబ్బుతున్నా, ఆ ద్రవాన్ని కొద్దిగా తీసి పరీక్షకు పంపమని అడగండి. కారణం టీబీ, కాలేయ జబ్బు, అండాశయ క్యాన్సర్‌లలో ఏదైనా కావచ్చు. అది తేలకుండా నీరు తీయించుకుంటే మళ్లీ చేరుతుంది. టీబీ మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం, సాధారణంగా కనీసం ఆరు నెలలు వాడాలి. కాలేయ జబ్బయితే నీరు పోయే మాత్రలతో పాటు ఉప్పు తగ్గించాలి. అంటే కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఉప్పుచేప, ఆవకాయ వేసుకుంటే ఫలితం ఉండదు.