ఓవల్ గీసే చెక్క బొమ్మ ఎక్కడ పట్టేస్తోంది, ఎందుకు?

పీఠం మీద అతికించిన నాలుగు చెక్కల మధ్య ప్లస్ గుర్తులా రెండు గాడులు, వాటిలో జారే రెండు చెక్క ముక్కలు, ఆ రెంటినీ స్క్రూలతో కలిపే బద్ద, బద్ద చివర పెన్సిల్. ఆర్కిమెడిస్ ట్రామెల్ అనే ఈ బొమ్మలో ఉన్నదంతా ఇంతే. ఇది మొరాయించగానే చాలామంది జారే ముక్కల్ని సాండ్ పేపర్‌తో అరగదీస్తారు. తొందరపడకండి. అరిగిన చెక్కను మళ్లీ పెంచలేం, పైగా తప్పు చాలాసార్లు కొలతల్లోనే ఉంటుంది.

కూడలి దగ్గర ముక్క ఇరుక్కుంటోంది

గాడులు కలిసేచోట ముక్కను నిలబెట్టే గోడ ఉండదు. ముక్క పొట్టిదైతే అక్కడ కాస్త పక్కకు తిరిగి, దాని మూల అవతలి అంచుకు తగులుకుంటుంది. పొడవు గాడి వెడల్పుకు రెండింతలైనా ఉండాలి. అంటే 20 మి.మీ. గాడికి 40 మి.మీ. ముక్క. పొడవు సరిపోయినా పట్టేస్తుంటే, స్టీలు స్కేలును గోడకు ఆనించి కూడలి దాటేలా పెట్టండి. అవతలి గోడకూ స్కేలుకూ మధ్య వెలుతురు కనిపించిందా, పీఠం మీది నాలుగు చెక్కల్లో ఒకటి పక్కకు జరిగి అతుక్కుందన్నమాట. దాన్ని ఊడదీసి, గాడిలో తిన్నని బద్ద పెట్టి, దానికి ఆనించి మళ్లీ అతికించండి.

బద్ద ఏటవాలుగా వచ్చేసరికి ఆగిపోతోంది

రెండు ముక్కలూ ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి. ముక్క పొడవు, వెడల్పు కూడి 0.71తో గుణించండి. 40, 20 కలిపితే 60, గుణిస్తే సుమారు 43. బద్ద మీది రెండు స్క్రూల మధ్య దూరం అంతకంటే ఎక్కువ ఉండాలి. 50 మి.మీ. పెడితే నిశ్చింత. అప్పుడు ఒక్కో గాడి 140 మి.మీ. పొడవుండాలి.

మొన్నటిదాకా బాగానే తిరిగింది, ఇప్పుడు బిగుసుకుంది

గాలిలో తేమకు చెక్క ఉబ్బింది. గాడిలో అర మిల్లీమీటరు సందు వదిలి, కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు. నూనె మాత్రం వద్దు, చెక్క పీల్చుకుని జిడ్డు పట్టి దుమ్ము చేరుతుంది.

గీత మొదలైన చోటికొచ్చి కలవడం లేదు

ముందు పీఠం కదులుతోందేమో చూడండి. అడుగున సాండ్ పేపర్ ముక్క అతికిస్తే కాగితం మీద జారదు. పీఠం కదలకపోతే, ముక్కల్ని వేలితో నొక్కిపట్టి పెన్సిల్‌ను అటూ ఇటూ ఊపండి. ఊగితే స్క్రూ రంధ్రమో, పెన్సిల్ రంధ్రమో లూజు. స్క్రూను మరీ బిగించినా తిరగదు, కాబట్టి వాషర్ వేసి, రంధ్రానికి సరిపడే లావు స్క్రూ వాడండి.

ఓవల్ వాలుగా వస్తోంది

గాడులు 90 డిగ్రీల్లో లేవు. అయినా గీసేది నిజమైన దీర్ఘవృత్తమే, ఓ పక్కకు ఒరుగుతుందంతే! మూలమట్టం పెట్టి సరిచేయండి.

ఓవల్ దాదాపు గుండ్రంగా ఉంది

పెన్సిల్ నుంచి దూరపు స్క్రూకు ఉన్న దూరం ఓవల్ పొడవులో సగం, దగ్గరి స్క్రూకు ఉన్నది వెడల్పులో సగం. 200, 150 మి.మీ. పెడితే 400 పొడవు, 300 వెడల్పు వస్తుంది. సన్నగా కావాలంటే పెన్సిల్‌ను స్క్రూల వైపు జరపండి. మరీ దగ్గరైతే పీఠం మూలలకు తగులుతుంది, అప్పుడు ఆ నాలుగు మూలలూ కోసేయండి.