కౌంటీ రికార్డుల్లో భూమి వివరం చదవడం – 3వ పాఠం: 14వ సెక్షన్ ఎక్కడుంది?

చేజ్ కౌంటీ (కాన్సస్) కోర్ట్‌హౌస్‌లో ఏ రికార్డు ఎవరి దగ్గర ఉంటుందో ఈసారి వివరంగా చెప్పుకోవాలి. కానీ పోయిన అభ్యాసంలో చాలామంది 14వ సెక్షన్‌ను (సెక్షన్ అంటే మైలు చదరపు భూమి ముక్క) 3 మైళ్ళు పడమరకు జరిపేశారు. ముందు అది సరిచేయాలి. కాబట్టి ఆఫీసుల సంగతి క్లుప్తంగా: దస్తావేజులు రిజిస్టర్ ఆఫ్ డీడ్స్ దగ్గర, పన్ను ట్రెజరర్ దగ్గర, విలువ కట్టేది అప్రైజర్. కాటన్‌వుడ్ ఫాల్స్‌లో 1873లో పూర్తయిన సున్నపురాయి కోర్ట్‌హౌస్ ఇప్పటికీ వాడుకలోనే ఉంది.

టౌన్‌షిప్ అంటే 6 మైళ్ళ చదరం, అందులో 36 సెక్షన్లు. 1 ఈశాన్య మూలన మొదలై పడమరకు నడిచి 6 దగ్గర ఆగుతుంది. 7 సరిగ్గా 6 కిందే ఉంటుంది, అక్కడినుంచి తూర్పుకు. అరక చివరిదాకా తోలి వెనక్కి తిప్పినట్టే. మూడో వరుసలో 13 తూర్పు అంచున, 14 దాని పడమటి పక్కన. ప్రతి వరుసనూ పడమర నుంచే లెక్కపెట్టడమే పోయినసారి తప్పు. మీరు 20తో సాధన చేసి ఉంటే అది బయటపడదు, ఆ వరుస ఎటూ పడమర నుంచి తూర్పుకే నడుస్తుంది.

వివరాన్ని ఎప్పుడూ చివరినుంచి చదవండి. "నైరుతి ¼లో ఈశాన్య ¼, సెక్షన్ 14, టీ19ఎస్, ఆర్8ఈ, ఆరవ మెరిడియన్". మెరిడియన్ అంటే కొలతకు ఆధారమైన ఉత్తర-దక్షిణ గీత. ఆర్8ఈ (రేంజ్ 8 తూర్పు) అంటే ఆ గీతకు తూర్పున 42 నుంచి 48 మైళ్ళ మధ్య. టీ19ఎస్ (టౌన్‌షిప్ 19 దక్షిణం) అంటే నెబ్రాస్కా సరిహద్దు గీతకు దక్షిణాన 108 నుంచి 114 మైళ్ళ మధ్య. కాటన్‌వుడ్ ఫాల్స్ ఉన్నది ఈ టౌన్‌షిప్‌లోనే. సెక్షన్ 640 ఎకరాలు, అందులో నైరుతి పావు 160, ఆ పావులో ఈశాన్య పావు 40.

ఇక కామా. దీన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళను చూస్తే చిరాకేస్తుంది. "ఉత్తర ½ నైరుతి ¼" అంటే నైరుతి పావులో పై సగం, 80 ఎకరాలు. "ఉత్తర ½, నైరుతి ¼" అంటే సెక్షన్ ఉత్తర సగం 320, దాంతోపాటు నైరుతి పావు 160, మొత్తం 480. ఒక్క కామాకు 400 ఎకరాల తేడా. "మరియు" అన్నా కామా లెక్కే. నకలు రాసేటప్పుడు కామా జారిపోతుంది, అందుకే పాత దస్తావేజునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. రాసిన విస్తీర్ణంతో మీ లెక్క కలవకపోతే ముందు కామానే అనుమానించండి. నేనైతే పెన్సిల్‌తో చదరం గీసి, ముక్క నింపాకే అంకె చూస్తాను.

టౌన్‌షిప్ ఉత్తర, పడమటి అంచుల్లో 40 ఎకరాల లెక్క నమ్మొద్దు. సర్వేలో మిగిలిన హెచ్చుతగ్గులను అక్కడికే తోసేవారు. అక్కడి ముక్కలకు అంకెలిచ్చి లాట్ అంటారు; 6వ సెక్షన్‌లో "లాట్ 4" అంటే వాయవ్య మూల ముక్క. దాని ఎకరాలు సర్వే పటం (ప్లాట్)లోనే చూడాలి.

టెక్సాస్‌లో స్థలం కొన్న మనవాళ్ళు అక్కడా ఇలాగేనా అని అడిగారు: అక్కడ ఈ పద్ధతి లేదు.

సాధన: "దక్షిణ ½ ఈశాన్య ¼, ఉత్తర ½ ఆగ్నేయ ¼, సెక్షన్ 29" గీయండి. ఎకరాలెన్ని? రెండు ముక్కలూ కలిసున్నాయా? తర్వాత 31వ సెక్షన్ నైరుతి మూల నుంచి 4వ సెక్షన్ ఈశాన్య మూలకు సెక్షన్ గీతల వెంబడే వెళితే ఎన్ని మైళ్ళు? పటం చూడకుండా చెప్పాలి. 9 రాకపోతే 36 గళ్ళూ మళ్ళీ గీయండి.