కాలిన బట్టలను ఎఫ్‌ఎస్‌ఎల్‌ పరీక్షకు పంపే విధానం

బట్టల మీద పెట్రోలో, కిరోసినో పడిందా అన్నది తేల్చేది రాష్ట్ర ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్‌ఎస్‌ఎల్‌). బాధితుల తరఫువారు అక్కడికి నేరుగా బట్టలు పట్టుకెళ్తే తీసుకోరు. దర్యాప్తు అధికారి గానీ కోర్టు గానీ పంపాలి. కుటుంబసభ్యులు బట్టలను ఉతకకుండా, ఆరేయకుండా పోలీసులకు అప్పగించాలి. ఎఫ్‌ఐఆర్ నంబరు వేసి, పరీక్షకు పంపమని అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. పోలీసులు కదలకపోతే ఎస్పీకి, ఆ తర్వాత బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 175(3) కింద మేజిస్ట్రేటుకు పిటిషన్ పెట్టుకోవచ్చు.

కేసు చెడేది ఎక్కువగా ప్యాకింగ్ దగ్గరే. రక్తపు మరకల బట్టల్ని ఆరబెట్టి కాగితపు కవర్లో పెట్టడం అలవాటు. పెట్రోలు విషయంలో అదే పని చేస్తే ఆవిరితోపాటు సాక్ష్యమూ పోతుంది. మామూలు పాలిథిన్ కవరూ పనికిరాదు. దానిలోంచి ఆవిరి బయటికి పోవడమే కాదు, పక్కన పెట్టిన డబ్బాలోని పెట్రోలు ఆవిరి లోపలికీ వస్తుంది. కొత్త రేకు డబ్బా గానీ, ఇలాంటి నమూనాల కోసమే తయారైన నైలాన్ సంచి గానీ వాడాలి. ఒక్కో బట్టకు ఒక్కో డబ్బా, పైన మూడో వంతు ఖాళీ. అనుమానిత ద్రవం సీసాను వేరే పెట్టెలో పంపాలి. అదే బట్టలో మరక పడని ముక్క, అదే రకం ఖాళీ డబ్బా ఒకటి సీలు వేసి జతచేయాలి. పాలియెస్టర్ కాలినా టోలుయీన్, స్టైరీన్ వంటి రసాయనాలు పుడతాయి మరి, పోల్చి చూడాలి కదా! రక్తమూ ఉంటే, ఆవిరి పరీక్ష ముందు చేయమని లేఖలో రాయాలి.

లెటర్ ఆఫ్ అడ్వైస్‌తో (పరీక్ష కోరుతూ ల్యాబ్‌కు రాసే లేఖ) ఎఫ్‌ఐఆర్, పంచనామా నకళ్లు, నమూనా సీలు, వస్తువుల జాబితా వెళ్లాలి. సీలు ముద్ర సరిపోలకపోతే పార్శిల్ వెనక్కి వస్తుంది. ప్రశ్న సూటిగా ఉండాలి: ‘మండే ద్రవాల అవశేషాలున్నాయా? ఉంటే ఏ రకం?’

ల్యాబ్‌లో డబ్బాను వేడిచేసి, ఆవిరిని బొగ్గు పట్టీ మీద పట్టి, జీసీ-ఎంఎస్‌లో (రసాయనాలను విడదీసి గుర్తుపట్టే యంత్రం) చూస్తారు. పెట్రోలుకు ఆల్కైల్‌బెంజీన్లు, కిరోసిన్‌కు వరుస ఆల్కేన్లు అనే రసాయనాలు గుర్తు.

ఛార్జిషీటుతోపాటు దాఖలైన రిపోర్టు నకలు నిందితుడికీ, న్యాయవాది ఉన్న బాధితులకూ బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 230 కింద ఉచితంగా ఇవ్వాలి. అందులో ‘అవశేషాలు కనబడలేదు’ అని ఉంటే పెట్రోలు పోయలేదని అర్థం కాదు. పూర్తిగా కాలిపోయి ఉండొచ్చు, ఆసుపత్రిలో సంచి మూతి తెరిచి ఉంచడం వల్ల ఆవిరైపోయి ఉండొచ్చు.